ఆఖరి సైరన్

"ఇంకా నలభై సెకన్లున్నాయి. సైరన్ మీంచి చెయ్యి తియ్యి, థెల్మా!"

"చెయ్యి పెట్టానంతే. నొక్కానా? నా చెయ్యి చూస్తేనే నీకు వణుకు పుడుతోందా?"

మైదానం అంచున చిన్న రేకుల గది. అందులో ఒక బల్ల, రెండు గడియారాలు, ఇద్దరు ఆడవాళ్లు. థెల్మాది తారిన్ ఊరి క్లబ్బు, నోరీన్‌ది బుంగెల్ ఊరి క్లబ్బు. ఆటకి ఎంత సమయం మిగిలిందో ఆటగాళ్లకి తెలియదు, అంపైర్‌కి తెలియదు, మైదానం చుట్టూ కార్లు ఆపుకుని వాటిలో కూర్చున్న మూడొందలమందికీ తెలియదు. ఈ ఇద్దరికే తెలుసు. ఇద్దరూ ఔనంటేనే సైరన్ మోగాలి. తారిన్ గడియారాన్ని బుంగెల్ నమ్మదు, బుంగెల్ గడియారాన్ని తారిన్ నమ్మదు. అందుకే ఈ ఏర్పాటు.

తారిన్ నాలుగు పాయింట్లు ముందుంది.

"వచ్చే ఏడాది నీ మనవడు మా ఎర్ర జెర్సీ వేసుకుంటాడులే," అంది థెల్మా. "నేనే ఉతికి మడతపెట్టి ఇస్తా."

"దానికంటే వాడు చొక్కా లేకుండా ఆడతాడు."

రెండు ఊళ్లలోనూ ఆడే కుర్రాళ్లు సరిపోక, వచ్చే ఏడాది నుంచి రెండు క్లబ్బుల్నీ ఒకటి చేస్తున్నారు. కలిసిన జట్టు ఎవరి జెర్సీ వేసుకోవాలన్న దానిమీద నాలుగు సమావేశాలు పెట్టి నాలుగుసార్లూ తిట్టుకుని లేచిపోయారు. చివరికి, ఈ ఆట ఎవరు గెలిస్తే వాళ్ల జెర్సీ అనుకున్నారు. ఓడినవాళ్ల జెర్సీకి అద్దం బిగించి గోడకి తగిలిస్తారు. ముప్ఫయ్యొక్కేళ్లుగా తారిన్ ఎర్ర జెర్సీల బురద వదలగొట్టింది థెల్మాయే. వాటిని గోడమీద చూడాల్సివస్తే ఆమె తట్టుకోలేదు.

"పది," అంది నోరీన్.

"తొమ్మిది," అంది థెల్మా.

మిగతావి ఇద్దరూ కలిసే లెక్కపెట్టారు. ఒకటి దాటేసరికి నోరీన్ మొహం మాడిపోయింది. అయినా మాట మార్చలేదు.

"అయిపోయింది. నొక్కవే మహాతల్లీ."

థెల్మా నొక్కింది. సైరన్ మోగింది. గది పక్కన నిలబడ్డవాళ్లంతా విన్నారు. కానీ బంతి మైదానానికి అవతలి అంచున ఉంది. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. అంపైర్ తల కూడా తిప్పలేదు. ఆట సాగుతూనే ఉంది.

"వాడికి వినబడలేదు!" థెల్మా మళ్లీ నొక్కింది. ఈసారి వేలు తియ్యలేదు.

అంతలో ఒక హారన్ మోగింది. దాని వెనకే ఇంకోటి. తర్వాత పది, ఇరవై. ఆ ఊళ్లలో గోల్ పడితే చప్పట్లు కొట్టరు, హారన్లు కొడతారు. గెలిచామన్న సంబరంలో తారిన్ వాళ్లందరూ ఒక్కసారిగా హారన్ల మీద పడ్డారు. ఆ మోతలో సైరన్ ఎక్కడికి పోయిందో తెలియలేదు. అంపైర్‌కి హారన్లు కొత్తా? మధ్యాహ్నం నుంచీ వింటూనే ఉన్నాడు.

"ఆపండ్రా! ఆపండ్రా, వెధవల్లారా!" థెల్మా కిటికీలోంచి గొంతు చించుకుంది.

ఎదురుగా కార్లో కూర్చున్నవాడు ఆమెకి నవ్వుతూ చెయ్యి ఊపి, ఇంకా గట్టిగా కొట్టాడు.

"నోరీన్, నువ్వైనా ఏదన్నా చెయ్యవే!"

"ఏం చెయ్యను? నేను పిలిస్తే పలకడానికి వాడేమన్నా మా తమ్ముడా?" అంటూనే నోరీన్ మెళ్లో మఫ్లర్ లాగి కిటికీలోంచి ఊపింది. అది బుంగెల్ జెర్సీ రంగు, నీలం. అవతల బుంగెల్ కుర్రాళ్లు దాన్ని చూసి, తమని హుషారు చేస్తోందనుకుని రెట్టింపు ఊపుతో పరిగెత్తారు.

వాళ్లలో ఒక పొడుగు కుర్రాడు బంతి అందుకున్నాడు. వెనక్కి తిరిగి తన్నాడు. బంతి రెండు ఎత్తు స్తంభాల మధ్యనుంచి వెళ్లిపోయింది. గోల్. ఈ ఆటలో గోల్‌కి ఆరు పాయింట్లు.

తారిన్ హారన్లు టక్కున ఆగిపోయాయి. అప్పుడు సైరన్ ఊరంతా వినబడింది. అంపైర్ చేతులెత్తి ఆట ముగించాడు. థెల్మా వేలు ఇంకా మీటమీదే ఉంది.

అంపైర్ తమ గది దగ్గరికి రాగానే థెల్మా అతని మీదపడింది. "సమయం ముందే అయిపోయిందయ్యా! ఇదిగో, గడియారం చూడు!"

"ఆమె చెప్పేది నిజమే," అంది నోరీన్. "పుస్తకంలో అలాగే రాసి సంతకం పెడతా."

థెల్మా నోరీన్ వైపు తిరిగి చూసింది.

"ఇద్దరూ పెట్టినా లాభం లేదమ్మా," అన్నాడు అంపైర్. "సైరన్ నాకు వినబడినప్పుడే ఆట అయిపోయినట్టు. రూలు మీకూ తెలుసుగా."

తెలుసు. అందుకే ఏడుపొచ్చింది.

థెల్మా గది దిగి, కార్ల వరసలో ఆ నవ్వినవాడి దగ్గరికి వెళ్లింది. "మొదటి హారన్ ఎవడ్రా కొట్టింది?"

"నాకేం తెలుసు థెల్మక్కా? పక్కవాడు కొడితే గెలిచేశామని నేనూ కొట్టా."

పక్కవాడు తన పక్కవాణ్ణి చూపించాడు. వాడు ఇంకొకణ్ణి చూపించాడు. అలా ఒక్కో కారూ దాటుకుంటూ చివరికి గది పక్కగోడని ఆనుకుని ఆపి ఉన్న పాత ట్రక్కు ముందు తేలింది. లోపల ఆమె మొగుడు క్లెమ్, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వా? ఆట ముగియకుండానే సంబరమా, క్లెమ్?"

"సంబరమేంటి థెల్," అన్నాడు క్లెమ్, తలెత్తకుండా. "నీ సైరన్ అంపైర్‌కి వినబడట్లేదని, హారన్ కొడితేనన్నా ఇటు చూస్తాడని కొట్టాను."