సముద్రం తగ్గిన వేళ

"ఏట్లో ఇంకా నీళ్లు మిగులే, నగరానికి తోడుకోవచ్చని సలహా రాశావటగా అమ్మాయీ?" పడవ ఒడ్డుకు చేర్చి, తాడు కట్టకుండానే అడిగాడు జాలరి.

"నువ్వు పరీక్షకి పట్టిన నీళ్ల సీసాలే చెప్పాయి బాబాయ్. మూడేళ్లలో ఏరు సముద్రంలో కలిసే మొగలో ఉప్పు పెరగలేదు," అంది నీటి శాస్త్రవేత్త.

"పోటొస్తే సముద్రం ఏట్లోకి ఎక్కి, ఆ ఉప్పుకి చేపపిల్లలు చచ్చి తేలుతున్నాయి. నీ కళ్లతో చూశావు."

"సీసాల్లో అది లేదు."

"ఎలా ఉంటుంది? సముద్రం తగ్గి, ఏటినీళ్లు దిగే వేళకే పట్టమన్నావు. పోటులో పడవ బోల్తా పడుతుందని నా మీద బెంగ అనుకున్నాను."

ఆమె సంచి సర్దుకుంది. "పైవాళ్లు అలాగే పట్టించమన్నారు బాబాయ్."

"ఎందుకో నీకు మొదటిరోజే తెలుసన్నమాట."

ఆమె పడవ దిగడానికి చెయ్యి చాచింది.

రోజూ అందించే చెయ్యి అతను అందించలేదు. "ఒడ్డు జారుడుగా ఉంది. చూసి దిగండి, మేడమ్."