పేరెంట్స్ డేకి ఎవరొస్తారు?

సింధు క్లాసులో అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి.

"ఒసే, ఊరుకోండే, అదొస్తన్నాది," అంది వెనక బెంచీలోంచి ఎవరో.

కిటికీ దగ్గర గుంపుగా నిలబడ్డ ఆడపిల్లలు చెదిరిపోయి ఎవరి పుస్తకాలు వాళ్లు తెరిచారు. పేరెంట్స్ డే రోజున ఏ రంగు రిబ్బన్లు కట్టుకోవాలా అని మాట్లాడుకుంటున్నారు వాళ్లు. అందులో దాచాల్సిందేమీ లేదు. అయినా దాచారు.

చీపురుపల్లి శివార్లలో ఉన్న ఆ సిస్టర్ల హైస్కూల్లో సింధు తొమ్మిదో తరగతి. ఇక్కడి మాట అక్కడికి మోసే పిల్ల కాదు. ఎవరి మీదా ఒక్క చాడీ చెప్పి ఎరగదు. కానీ ఆ సంగతి ఎవర్ని కూర్చోబెట్టి నమ్మిస్తుంది? మధ్యాహ్నం అందరూ సైకిల్ స్టాండు నీడలో గుండ్రంగా కూర్చుని కూరలు పంచుకుంటుంటే, తను వరండా చివర ఒక్కతే క్యారేజీ విప్పుకునేది. పరీక్షల్లో ఫస్టు వచ్చిన రోజున కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తెలుగు చెప్పే రాజకుమారి టీచర్ వాళ్ల క్లాస్ టీచర్. ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడుతుందని ఆవిడకి పేరు. సింధు దగ్గర మాత్రం ఆ నవ్వు కనబడదు. సగం క్లాసు పద్యం అప్పజెప్పలేకపోయినా, ముందు బయట నిలబడేది సింధే.

"నీకు వేరేగా చెప్పాలా?" అనేది టీచర్.

సింధు తల వంచుకుని బయటికి నడిచేది.

పేరెంట్స్ డే దగ్గరపడింది. ప్రార్థన గీతం ఒక్కరే పాడాలి, మిగతావాళ్లు వెనక నిలబడి వంత పాడాలి. ఒకరోజు చాపెల్ మెట్ల మీద సింధు కూనిరాగం తీస్తుంటే హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఫిలోమినా ఆగి విన్నారు. నేరుగా చెయ్యి పట్టుకుని స్టాఫ్ రూముకి తీసుకెళ్లారు.

"టీచర్, ఈ పిల్ల చేత పాడిద్దాం. గొంతు ఎంత బాగుందో!"

రాజకుమారి టీచర్ దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తలేదు.

"వద్దు సిస్టర్. యమున పాడుతుంది. సింధు వెనక వరసలో ఉంటే చాలు."

సిస్టర్ టీచర్ ముఖం చూసి, సింధు చెయ్యి వదిలేశారు.

"సరే టీచర్," అంది సింధు.

ఆ తర్వాత సాయంత్రాలు, ఆటోలూ బస్సులూ వెళ్లిపోయి గ్రౌండు ఖాళీ అయ్యాక, గోల్ పోస్టుల మధ్య తిరుగుతూ ఆ పాట మొత్తం తనకోసం తనే పాడుకునేది.

పేరెంట్స్ డే రానే వచ్చింది. షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు ఆటోల్లో దిగారు. బజారు షావుకార్లు కొట్లు కట్టేసి మరీ వచ్చారు. మైకు దగ్గర రాజకుమారి టీచర్ ఒక్కొక్క కార్యక్రమం చెబుతోంది.

యమున పాట మొదలుపెట్టింది. రెండో చరణం దగ్గర జనాన్ని చూసి బెదిరి, మాట మర్చిపోయింది. హార్మోనియం ఒక్కటే మోగుతోంది. యమున కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనక వరసలోంచి సింధు అందుకుంది. చరణం సగానికి వచ్చేసరికి యమునకి ధైర్యం చిక్కింది, గొంతు కలిపింది. సింధు మెల్లగా తన గొంతు తగ్గించేసింది.

చప్పట్లు హోరెత్తాయి.

"చక్కగా పాడిన యమునకి అభినందనలు," అంది టీచర్ మైకులో.

తర్వాత పిల్లలందరికీ తలా ఒక గులాబీ ఇచ్చారు. కన్నవాళ్ల చేతిలో పెట్టి దండం పెట్టాలి. పిల్లలు పరుగులు తీశారు. స్టేజీ పక్కన సింధు ఒక్కతే మిగిలింది.

యమున తల్లి దాలమ్మ చూసింది. "ఏటమ్మా, ఒక్కదానివే నిల్సుండిపోనావు? ఎనకాతల నుంచి పాడింది నువ్వే కదేటి? మీవోళ్లు రానేదా?"

"నాన్నది రాయగడలో రైల్వే ఉద్యోగం పిన్నీ. సెలవు దొరకలేదు. అమ్మకి ఇయాల పనున్నాది."

"పిల్ల పండగ కన్నా పెద్ద పనేటమ్మా ఆవిడికి!"

యమున గబుక్కున తల్లి కొంగు లాగింది. "ఊరుకోయే అమ్మా!"

మైకులో మళ్లీ టీచర్ గొంతు వినిపించింది. "పెద్దవాళ్లు రాని పిల్లలుంటే... మీ పువ్వు మరియమాత పాదాల దగ్గర పెట్టండి." చివరి మాట తెగిపోయినట్టు వచ్చింది. మైకు సరిగ్గా లేదనుకున్నారు అందరూ.

సింధు గ్రౌండు దాటి, మరియమాత బొమ్మ ఉన్న, రాళ్లతో కట్టిన చిన్న గుహ దాకా నడిచింది. మరియమ్మ పాదాల దగ్గర ఇంకే పువ్వూ లేదు. తన గులాబీ పెట్టి, అక్కడే నిలబడిపోయింది. వెనక షామియానాలో తల్లులూ పిల్లలూ ఫోటోలు దిగుతున్న సందడి వినబడుతూనే ఉంది.

జనం వెళ్లిపోయారు. షామియానా విప్పేశారు. కుర్చీలన్నీ లెక్క చూసి అప్పజెప్పాక, రాజకుమారి టీచర్ స్కూటీ తీసింది. గేటు దగ్గర నిలబడ్డ సింధు ముందు ఆపింది.

"ఎక్కు," అంది ముఖం తిప్పకుండా.

సింధు బ్యాగు భుజానికి తగిలించుకుని వెనక కూర్చుంది. గేటు దాటారు.

స్టేషన్ రోడ్డు మలుపు తిరిగి స్కూలు గోడ కనబడకుండా పోయాక, సింధు ముందున్న వీపుకి చెంప ఆనించి, "అమ్మా, నా పాట విన్నావా?" అని అడిగింది.