అభ్యంతరం ఉన్నవారు

అరకు చర్చిలో అయ్యగారు మా పెళ్లి ప్రకటన చివరిసారి చదువుతున్నారు. నా ఒళ్లో బైబిలు, దాని కింద నెట్‌వర్కింగ్ గైడు. జావా, విండోస్, నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్లకు ఒకేసారి చదివి, మూడింటినీ సమదృష్టితో తప్పిన మహానుభావుణ్ణి నేను.

“ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవలెను.”

పెళ్లికూతురు సుజానాయే లేచి నిలబడింది. నా గుండె జారి బొర్రా గుహల్లో పడింది. మూడు పరీక్షలు తప్పినవాణ్ణి ఎవరు చేసుకుంటారు!

“నాకుందయ్యగారూ. పెళ్లిరోజే ఇసాపట్నంలో కంప్యూటర్ పరీక్ష పడింది.”

“ఏటమ్మా, టైటస్ మళ్లీ రాత్తన్నాడా?” అయ్యగారు నాకేసి చూశారు.

“ఈయన కాదండి, నేను. రోజూ ఈయన సేత పాఠాలు అప్పజెప్పించుకునీసరికి నాకే వచ్చీసింది. ఓ వారం ఆగితే సాలు, పాసై వచ్చి సేసుకుంటాను.”

సంఘం కంటే ముందు, బెంచీ ఎక్కి మరీ ఆమెన్ అన్నాను.