చెంబెడు నీళ్ళు

“ఆ కేలండరు తియ్యండి,” అన్నాడు మన్మథరావు.

“దేవుడి బొమ్మ బావా. ఇల్లు నీదయ్యేదాకా ముట్టుకోకూడదు,” అన్నాడు బ్రోకరు కూర్మారావు, గోడకు అడ్డంగా నిలబడి.

మన్మథరావు ఆయన్ని పక్కకు జరిపి తనే తీశాడు. వెనకాల గోడ పైనుంచి నడుం ఎత్తు దాకా పగిలి ఉంది.

“గోడన్నాక గీత పడదేటి? తుపానుకి కొబ్బరిసెట్లే పడిపోనాయి,” అన్నాడు కూర్మారావు. సిగ్గూ లేదు, తడబాటూ లేదు. నోట్లో లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నాడంతే.

మన్మథరావుకు రోత పుట్టింది. పొద్దున్న పలాసలో పరిచయమైన మనిషి, టీ చల్లారేలోపు బావా అని వరస కలిపేశాడు. అక్కణ్ణుంచి నోరు విప్పితే అబద్ధం. పన్నెండడుగుల రోడ్డన్నాడు, ఆటో తిరగడానికి చోటు లేదు. మేడమెట్లు కొత్తవన్నాడు, మూడో మెట్టు కాలి కింద కదిలింది. పైగా మండుటెండలో మణికట్టు దాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కా, పెద్దమనిషి వేషం. దారిలో కొబ్బరిబొండం కొట్టించి ఇస్తే, అమ్మే ముసలామె చేతిలోది చూసి మొహం తిప్పుకున్నాడు. ఈ గడ్డ మీద పుట్టి కొబ్బరినీళ్ళు వద్దనేవాణ్ణి మన్మథరావు ఇదే చూడటం. పేదదాని చెయ్యి తగిలిన బొండం ఆ దొరగారికి ఆనలేదు కాబోలు.

గోడా మెట్లూ ఎలా ఉన్నా మన్మథరావు సర్దుకుంటాడు. సర్దుకోలేనిది నీళ్ళ దగ్గరే. ఉద్దానంలోని తన ఊళ్ళో, వాళ్ళ వీధిలోనే ఏడుగురికి కిడ్నీ జబ్బు. ఎందుకొస్తోందో డాక్టర్లు తేల్చలేదు గాని, ఊరికి మాత్రం నీళ్ళ మీదే అనుమానం. నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించి, తాగే నీళ్ళు కూడా గుక్కలు కొలిచి ఇచ్చిన రెండేళ్ళూ తను చెన్నైలో వెల్డింగు పనిలో ఉండిపోయాడు. వచ్చింది చివరి స్నానానికే. నాన్న ఎడమ మోచేతి కింద సూదులు దిగి దిగి గడ్డలు కట్టిన మచ్చల మీద నీళ్ళు పోసింది అతనే. ఆరేళ్ళ కూతురు ధరణిని ఆ ఊరి నుంచి బయటపడెయ్యాలని ఆ రోజే అనుకున్నాడు.

“నుయ్యి సూపించండి.”

“పద. నీళ్ళా అవి, అమృతం. పక్క వీధే మాది. పుట్టిందగ్గర్నుంచి ఈ నూతినీళ్ళు తాగి పెరిగినోణ్ణి. ఆ జబ్బులన్నీ మీ ఉద్దానంలోనే. రైలుపట్టాలు దాటి ఇటు రావు.”

మన్మథరావు ఆయన్ని ఎగాదిగా చూశాడు. చచ్చినవాళ్ళ మీద కూడా బేరం ఆడుకునే రకం. ఛీ, ఇలాంటివాడి వెనకాల తిరగాల్సి వచ్చిందే అనుకున్నాడు.

నూతి గట్టు మీద చేద, పక్కనే బోర్లించిన చెంబు ఉన్నాయి. మన్మథరావు నీళ్ళు తోడి చెంబు నిండా పోసి కూర్మారావు ముందు పెట్టాడు.

“తాగండి.”

“కొనేవోడివి నువ్వు బావా. నువ్వు తాగాల.”

“మీరు తాగినాకే.”

ఇది అతని భార్య సంతోషి నేర్పి పంపిన పరీక్ష. వాళ్ళ ఊళ్ళో పెళ్ళి సంబంధానికి వెళ్ళినా ఇప్పుడిదే పద్ధతి, ముందు ఆ ఇంటివాళ్ళు తాగాలి. “బ్రోకరు మాటలు ఇనకు. అతని సేత ఆ నీళ్ళు తాగించు. తాగితే డబ్బులియ్యి, నసిగితే వచ్చీ,” అంది బయల్దేరేటప్పుడు.

“ఇప్పుడు దాహం నేదు,” అన్నాడు కూర్మారావు.

“పెదాలు ఎండిపోయి లవంగం సప్పరిస్తన్నారు. దాహం నేదేటి?”

“సరే, ఒక గుక్క తాగుతాను.”

“సెంబుడూ తాగాల.”

కూర్మారావు చెంబు వైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంది. మన్మథరావుకు అది స్పష్టంగా కనిపించింది. దొరికాడు దొంగ. తన గొంతు దిగని నీళ్ళు పసిపిల్లకు పొయ్యమంటున్నాడు.

“నాకు ఆరేళ్ళ కూతురుంది. రేపు అది తాగాల్సిన నీళ్ళివి. తాగనేకపోతే సెప్పీయండి, నానెల్లిపోతాను.”

“ఈ బేరం నాకు శానా అవసరం బావా,” అన్నాడు కూర్మారావు మెల్లిగా. పొద్దుట్నుంచి ఆయన నోట వచ్చిన మొదటి నిజం అదేననిపించింది.

లవంగం ఉమ్మేసి చెంబెత్తాడు. మొదటి గుక్క జంకుతూ మింగాడు. ఆ తర్వాత ఆగలేదు. కళ్ళు మూసుకుని, గడ్డం మీంచి కారుతున్నా పట్టించుకోకుండా, ఏళ్ళ తరబడి నీళ్ళు ఎరగనివాడిలా ఆఖరి చుక్క దాకా తాగేశాడు. ఆ ఆబ చూస్తే మన్మథరావుకు మళ్ళీ వెగటు పుట్టింది గాని, గుండెల మీంచి బరువు దిగింది. పక్కకెళ్ళి సంతోషికి ఫోన్ చేశాడు.

“తాగీసాడు. సెంబుడూ.”

“అయితే ఇచ్చీ,” అంది సంతోషి. ఆమె గొంతులో నవ్వు విని చాలా రోజులైంది.

అడ్వాన్సు చేతులు మారింది. కూర్మారావు నోట్లను లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

“రిజిస్ట్రేషను బుధవారం పెట్టుకుందాం. మంగళ, శుక్రవారాలు నానుండను. ఫోనూ ఎత్తను.”

“ఆ రెండ్రోజులూ ఎవల్ని ముంచుతారేటి?” అన్నాడు మన్మథరావు, ఈసారి కాస్త నవ్వుతూనే.

కూర్మారావు నూతి గట్టు దగ్గరికి నడిచాడు. “ఉక్కపోతన్నాది,” అంటూ మొహం కడుక్కోవడానికి చేద మీదికి వంగాడు. ఎడమచేతి గుండీ విప్పి, చొక్కాను మోచేతి పైదాకా మడిచాడు.

మోచేతి కింద అచ్చం నాన్నకున్న మచ్చలే.