అపాస్ట్రఫీ

తెలంగాణ ఉద్యమం రోజులు. సిద్దిపేటలో ఆ పొద్దున బడి గోడ మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి: ‘తెలంగాణ ఈజ్ అవర్స్’.

ఎస్సై సున్నం డబ్బా, కుంచె తెప్పించాడు.

“మీ పిల్లల పనే మేడమ్. ఎవరి చేతిరాతో చెప్పండి. లేదంటే మీరే చెరిపెయ్యండి.”

ఇంగ్లీషు టీచర్ రబియాబీకి ఆ రాత ఎవరిదో చూడగానే తెలిసిపోయింది. ‘అవర్స్’లో ఎస్‌కు ముందు అపాస్ట్రఫీ గుర్తు పెట్టొద్దని పదో తరగతిలో ఆ ఒక్క పిల్లకే నూరుసార్లు చెప్పింది. ఆ పిల్ల గోడ మీదా పెట్టేసింది.

గేటు దగ్గర పిల్లలంతా చూస్తున్నారు. రబియాబీ కుంచె అందుకుంది. ఆ అపాస్ట్రఫీ మీద మాత్రం సున్నం పూసి, కుంచె డబ్బాలో పడేసింది.

“ఏమిటిది?” అన్నాడు ఎస్సై.

“తప్పు గదొక్కటే సార్. చెరిపేసిన. ‘అవర్స్’ అంటేనే మాది అని. దానికి మల్ల గుర్తెందుకు?”

“రాసిందెవరో చెప్పకపోతే కేసు మీ మీదే పెట్టాల్సొస్తుంది.”

రబియాబీ సున్నం అంటిన చేతిని కొంగుకు తుడుచుకుంది.

“నేను దిద్దినంక అది నా రాతే సార్. నా పేరు రాసుకోన్రి.”