మూడక్షరాలు

“మన ఆట తీయమ్మా, సూద్దాం,” అన్నాడు యోహాన్, ఓడ దిగి ఇంటికొచ్చి ఇంకా చొక్కా అయినా విప్పకుండానే.

కిందటి సెలవులో అతను జపాన్‌లో కొన్న వీడియో ఆటపెట్టెను కూతురు అక్సాకి ఇచ్చి వెళ్లాడు. ఓడ వంటగదిలో పని అయ్యాక ఏడాదంతా ఆడి, ఎక్కడిదాకా వచ్చాడో దాచుకున్న ఆట అందులో ఉంది.

“పాత ఆట పోయింది నాన్నా. ఉప్పుగాలికి పాడైపోయింది,” అంది అక్సా, ఎటో చూస్తూ.

“పోతే పోనీ. జపాన్ అచ్చరాలు నేర్సీసుకున్నావంట కదా! మీ అమ్మ ఫోన్లో ఒకటే డప్పు.”

అక్సా నోటుబుక్కు ఇచ్చింది. ఆ అక్షరాలు తనకు రాని రోజుల్లో తెరమీది ఆకారాలను ముగ్గులా చూసి గీసుకుని, ఏది నొక్కితే ఏమవుతుందో పక్కన రాసుకున్న పుస్తకం అది.

“నాకు మూడే వొచ్చు. కోబె రేవులో ఒక ముసలాయన్ని అడిగి నేర్సుకున్నాను. ఆటలో పేరెట్టమంటే ఇదే ఎట్టినాను,” అంటూ యోహాన్ చివరి పేజీలో మెల్లగా రాశాడు.

అక్సా చదివింది. అ, కు, సా. తన పేరే.

ఆమె మొదటి పేజీకి తిప్పింది. అవే మూడు ఆకారాలు. పక్కన తన రాతే: ‘ఇది చెరిపేస్తే నా ఆటకి చోటు వస్తుంది.’

“ఏటే, తప్పు రాసీనానా?”

“నువ్వు కాదు నాన్నా.” ఆమె పేజీ మీద చెయ్యి పెట్టింది. తర్వాత తీసేసింది. “ఉప్పుగాలీ కాదు. నేనే సెరిపీసాను.”