చేతికి చెవులుంటాయా?

మళ్లీ ఎడమచెయ్యే చెడగొట్టింది.

"ఛ!" అంటూ డ్రమ్మరు స్టిక్కును నేలకేసి కొట్టాడు. ఇది పదకొండోసారి. మూడు నిమిషాల పాట. రెండున్నర నిమిషాల దాకా నల్లేరు మీద బండి నడకే. ఆ తర్వాత ఎడమచెయ్యి వెనకబడింది, అంతే సంగతులు.

గది గదిలా లేదు. ఇంట్లో ఉన్న రెండు పరుపులూ గోడలకు ఆనుకుని నిలబడ్డాయి. కిటికీకి దుప్పట్లు, తలుపుకి బొంత, పెద్ద డ్రమ్ములో తలగడ. ఫ్యాను విప్పేసి, ఆ కొక్కేనికి ఒకే ఒక్క మైకు వేలాడదీశారు. అదీ ఎవరో జాలిపడి ఇచ్చింది. డ్రమ్ముల పక్కనుండే జంట ఇత్తడి తాళాల కింది పెడలు తొక్కే పని లేకుండా తాళాలను తాడుతో బిగించేశారు. అదేమంటే, పెడలు కిర్రుమంటుందట!

స్టూడియోకి వెళ్లే స్థోమత లేదు. వెళ్లే ధైర్యం అంతకన్నా లేదు.

సంగీత దర్శకుడు పొద్దున్నే ఫోన్లో తేల్చి చెప్పాడు. "నీ చెయ్యి మునుపటిలా లేదని నలుగురూ అంటున్నారయ్యా. నాలుగింటికల్లా వాయించి పంపు. అతుకులు వద్దు, ఒక్క ఊపులో కావాలి. లేదంటే ఇంకొకర్ని చూసుకుంటా."

ఏడు నెలల తర్వాత వచ్చిన మొదటి పిలుపు అది. ఇదీ పోతే ఇక డ్రమ్ములు అమ్ముకోవడమే.

గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

పక్కనే చిన్న స్టూలు మీద భార్య కూర్చుంది. రికార్డింగు మీట నొక్కే పని ఆమెదే. "ఇంకోసారి చూద్దామండీ," అంది.

"ఎన్నిసార్లు చూడాలి? ఈ ఎడమచేతికి బుద్ధుందా అసలు?"

"తిడితే చెయ్యి ఇంకా బిగుసుకుపోతుంది. కాస్త మెల్లగా చెప్పి చూడండి."

"చేతికి చెవులుంటాయా?"

"ఉంటాయి," అంది ఆమె, ముక్కు ఎగబీలుస్తూ.

ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. పాపం, చేతిని తిట్టి ఏం లాభం? ఆయన కోపమంతా తన మీదే.

పన్నెండోసారి సరిగ్గా చివర్లో పైవాళ్లు నీళ్ల మోటారు వేశారు. పదమూడోసారి బొబ్బ చితికి స్టిక్కు ఎర్రబడింది. భార్య గుడ్డపీలిక తెచ్చి చుట్టి, పంటితో ముడి బిగించింది.

"వద్దులే, ఇక వదిలేద్దాం," అన్నాడు నీరసంగా.

"నోరు మూసుకుని లెక్కపెట్టండి."

లెక్కపెట్టాడు. ఈసారి తిట్టలేదు. మైకులో పడకుండా పెదవులు మాత్రం కదిపాడు. నెమ్మది... ఆ, అలాగే... నా తల్లే...

రెండున్నర నిమిషాలు దాటాయి. ఎడమచెయ్యి తడబడలేదు. చివరి దెబ్బ మోత తగ్గేదాకా ఇద్దరూ ఊపిరి బిగపట్టి కూర్చున్నారు.

నాలుగింటికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయనగా పాట వెళ్లింది. పావుగంటకి ఫోను మోగింది.

"కుడిచెయ్యి నాకు తెలిసిందే," అన్నాడు సంగీత దర్శకుడు. "ఆ ఎడమచెయ్యి ఏంటయ్యా, కొత్తగా పలుకుతోంది! పాట నీదే పో. మిగతావి కూడా ఇంటినుంచే పంపించు. ఆ చేతికి నా తరఫున శెభాష్ చెప్పు."

"ఉండండి, మీరే చెప్పండి," అంటూ డ్రమ్మరు, ఏడు నెలల క్రితం పక్షవాతంతో చచ్చుబడి ఒళ్లో వాలిపోయిన తన ఎడమచేతి మీదుగా వంగి, పక్క స్టూలు మీద రెండో స్టిక్కు పట్టుకుని కూర్చున్న భార్య చెవికి ఫోను ఆనించాడు.